మట్టి ఎద్దు నుంచి బ్రిక్ గేమ్ దాకా

శ్రావణ బహుళ అమావాస్య దగ్గరపడిందంటే ఛత్తీస్‌గఢ్ కుమ్మరులకు చేతినిండా పనే. భిలాయి, దుర్గ్, జాముల్ బజార్లలో రోడ్డు పక్కన పట్టాలు పరిచి మట్టి ఎద్దుల్ని బారులు తీరుస్తారు. కాళ్ళ కింద నాలుగు మట్టి చక్రాలు, లాగడానికో తాడు. ఆ పక్కనే అరచేతిలో ఇమిడే పొయ్యి, తిరగలి, చట్టి, మూకుడు. ఎద్దు మగపిల్లలకు, వంటసామాను ఆడపిల్లలకు. ఈ పండుగను ఛత్తీస్‌గఢీలో పోరా అంటారు, మరాఠీవాళ్ళు పోళా అంటారు. తెలుగు పంచాంగంలో అదే రోజు పొలాల అమావాస్య. ఆ రోజు ఆదిలాబాద్ వైపు రైతులు ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు పూసి ఊరేగిస్తారు. కోస్తాలో తల్లులు కంద మొక్కకు పూజ చేసి పిల్లలు చల్లగా ఉండాలని మొక్కుకుంటారు.

జాముల్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఈ ఒక్క రోజు తలో జ్ఞాపకాన్ని లేపుతుంది. ఊరి నుంచి వచ్చిన నాయనమ్మకు కంద మొక్క, తోరం గుర్తొస్తాయి. కాలనీలో పుట్టి పెరిగిన కొడుక్కి మట్టి ఎద్దు మెడ విరిగిన రోజు గుర్తొస్తుంది. మనవడికి రెండూ పండుగ ఫొటోల్లో కనిపించేవే. వాడి బాల్యం వాడి చేతిలోని తెర మీద నడుస్తోంది. మరో ఇరవై ఏళ్ళకు వాడు తలచుకుని నిట్టూర్చేదీ ఆ తెరనే.

కొలిమి వెలిగిన ఏడాదే బార్బీ

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఇనుము తీశాక మిగిలే స్లాగు సిమెంటు తయారీకి పనికొస్తుంది, సున్నపురాయి కూడా దగ్గర్లోనే దొరుకుతుంది. ఈ రెండు సౌకర్యాలూ ఉన్న జాముల్‌లో ఏసీసీ 1965లో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టింది. ఉక్కు, సిమెంటు, వాటి చుట్టూ పుట్టిన చిన్నా పెద్దా పరిశ్రమలు దేశం నలుమూలల నుంచీ పనివాళ్ళను పిలిచాయి. ఉత్తరాంధ్ర నుంచి, మిగతా తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళూ వారిలో ఉన్నారు.

భిలాయిలో కొలిమి వెలిగిన నెల దాటగానే, 1959 మార్చి 9న, న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో బార్బీ తొలిసారి కనిపించింది. అంతకు ఏడాది ముందు, 1958 జనవరి 28న, డెన్మార్క్‌లో లెగో ఇటుకకు పేటెంటు దరఖాస్తు పడింది. ప్లాస్టిక్ బొమ్మలు ప్రపంచాన్ని కమ్ముకునే రోజులు మొదలయ్యాయి. అవి జాముల్ దాకా రావడానికి మాత్రం ఒక తరం పట్టింది.

ఊళ్ళో వదిలేసి వచ్చినవి

మొదటి తరం బొమ్మల్లో కొన్నవి తక్కువ, చేసుకున్నవి ఎక్కువ. వేసవిలో ముంజెలు తినేశాక మిగిలిన తాటికాయ బుర్రలు రెండు తీసుకుని మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పోతే అదే బండి. పాత సైకిల్ టైరూ, చేతిలో ఒక పుల్లా ఉంటే ఊరంతా చుట్టి రావచ్చు. ఆడపిల్లలకు గచ్చకాయలు, వామనగుంటల్లోకి చింతపిక్కలు, అమ్మ పాత చీర చింపి కుట్టిన గుడ్డబొమ్మ. కాస్త డబ్బున్న ఇళ్ళలో, తీర్థాలకు వెళ్ళొచ్చిన ఇళ్ళలో లక్కపిడతలు. వరాహ నది ఒడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాక ఈ లక్క బొమ్మలకు పేరుపడింది. అక్కడి పనివాళ్ళు మెత్తటి అంకుడు కర్రను తిరుగుడు యంత్రం మీద చెక్కి, ఆ తిప్పటంలో పుట్టే వేడికే లక్కను కరిగించి రంగు పట్టిస్తారు.

ఉద్యోగానికి ట్రంకు పెట్టెతో బయల్దేరినవాళ్ళు వీటిని వెంట తెచ్చుకోలేదు. తీరా ఇక్కడికి వచ్చి చూస్తే, అవే ఆటలు వేరే పేర్లతో ఎదురయ్యాయి. బొంగరం ఇక్కడ భౌంరా, గోలీలు బాటీ. ఏడు పెంకులాటను పిట్టుల్ అంటారు, తొక్కుడు బిళ్ళను బిల్లస్ అంటారు. కర్రా బిళ్ళ గిల్లీ డండా అయింది. హిందీ ఇంకా నోటికి రాని తెలుగు పిల్లలు కూడా మొదటి రోజు నుంచే ఆడగలిగే ఆటలివి. గీసిన గీత ఎవరు తొక్కారో చెప్పడానికి పెద్దగా భాష అక్కర్లేదు.

వాళ్ళు కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది గేడీ. హరేలీ పండుగనాడు, అంటే మన ఆషాఢ అమావాస్యనాడు, రెండు వెదురు కర్రలకు అడుగు పెట్టే పట్టీలు కట్టి పిల్లలు వాటి మీద ఎక్కి నడుస్తారు. వానాకాలపు బురదలో కాళ్ళు తడవకుండా నడిచేందుకు పుట్టిన ఉపాయం పండుగ ఆటగా నిలిచిపోయింది.

కార్ఖానా పిల్లల కార్ఖానా బొమ్మలు

కాలనీ క్వార్టర్లలో 1960 తర్వాత పుట్టిన తరం బొమ్మల్లో ఇనుము చేరింది. దేశంలోని పారిశ్రామిక పట్టణాలన్నింటిలో లాగే ఇక్కడా పాత బేరింగులు పిల్లల చేతికి ఆస్తి. చెక్క పలకకు వెనక రెండు, ముందు ఒకటి బేరింగు బిగిస్తే బండి సిద్ధం. తారురోడ్డు మీద అది చేసే గరగర చప్పుడుకు మధ్యాహ్నం షిఫ్టు దిగి పడుకున్న నాన్నలు లేచి కేకలేసేవారు. బేరింగు పగిలితే లోపలి ఉక్కు గుండ్లు గోలీలాటలోకి వచ్చేవి. గాజు గోలీని ఒక్క దెబ్బకు పగలగొడతాయని వాటికి ఎక్కడలేని గిరాకీ, వాటితో ఆడటం తొండి అంటూ రోజూ తగవు.

కొన్న బొమ్మలూ మెల్లగా ఇళ్ళలోకి వచ్చాయి. తాళం తిప్పితే నడిచే రేకు కార్లు, నట్లూ బోల్టులూ బిగించి క్రేనులు కట్టే మెకానిక్స్ పెట్టెలు. ఈ పెట్టెలకు మూలం ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో ఇంగ్లాండులో పేటెంటు తీసుకున్న మెకానో. కర్మాగారంలో క్రేను నడిపే తండ్రి, ఇంట్లో కొడుకుతో కలిసి బొమ్మ క్రేను బిగించడం ఈ తరంవాళ్ళకు దక్కిన ముచ్చట. సెలవులకు ఊరెళ్ళి వచ్చే రైల్లో మాత్రం సంచి అడుగున ఒక లక్కపిడతల బుట్టకు ఎప్పుడూ చోటుండేది.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత దుకాణం రూపమే మారింది. ప్యాకెట్లలో బార్బీ, చిప్స్ పొట్లాల్లో ప్లాస్టిక్ బిళ్ళలు, కుస్తీవీరుల ట్రంప్ కార్డులు, డబ్బా మీద ‘9999 ఆటలు’ అని గొప్పగా రాసి ఉండే బ్రిక్ గేమ్. ఆ వేల ఆటల్లో చాలా మాస్కోలో అలెక్సీ పజిత్‌నోవ్ 1984లో కనిపెట్టిన టెట్రిస్‌కు స్వల్ప మార్పులే. సోవియట్ సాయంతో వెలసిన పట్టణపు పిల్లలు మూడు దశాబ్దాలు పోయాక ఒక సోవియట్ ఆటకు బానిసలయ్యారు. అయితే ఆ పెట్టె తయారై వచ్చింది మాత్రం చైనా నుంచి.

‘మా రోజుల్లో’ అన్నది పాత మాటే

ఇప్పటి బొమ్మల్లో జీవం లేదన్న ఫిర్యాదు ప్రతి తరమూ తన తర్వాతి తరం మీద చేసిందే. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో అచ్చయిన ‘మిథాలజీస్’ పుస్తకంలో, కర్ర బొమ్మలు పోయి ప్లాస్టిక్ వస్తోందని, పిల్లలు సృష్టించేవాళ్ళు కాకుండా వాడేవాళ్ళుగా మిగులుతున్నారని వాపోయాడు. మరోవైపు, ‘మా బొమ్మ బాగాలేదు, పక్కింటివాడిదే బాగుంది’ అన్న పిల్లల ఏడుపు ఇంకా పాతది. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు మట్టిబండి తనకొద్దని, పక్కింటి పిల్లవాడి దగ్గర చూసిన బంగారు బండే కావాలని మారాం చేస్తాడు. ఈనాడు మట్టిబండిని కళ్ళకద్దుకునే పెద్దలు, ఆనాటి పిల్లవాడు దాన్ని వద్దన్నాడన్న సంగతి గుర్తుంచుకోవాలి.

పాత రోజుల మీది బెంగను ఒకప్పుడు రోగంగా లెక్కగట్టారు. స్విస్ వైద్య విద్యార్థి యోహానెస్ హోఫర్ 1688లో, సొంత ఊరికి దూరమైనవాళ్ళలో కనిపించే జబ్బుగా దీన్ని వర్ణించాడు. మూడు శతాబ్దాల తర్వాత అభిప్రాయం తలకిందులైంది. ఇంగ్లాండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ వైల్డ్‌షుట్, కాన్‌స్టంటైన్ సెడికిడీస్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మనుషులు బెంగగా తలచుకునే సంఘటనల్లో తమతో పాటు అయినవాళ్ళు చాలావరకు ఉంటారని తేలింది. ఒంటరితనం అలాంటి జ్ఞాపకాలను రేపుతుంది. ఆ జ్ఞాపకాలు తిరిగి ‘నాకూ మనుషులున్నారు’ అన్న ధైర్యాన్నిస్తాయి.

జాముల్ కుటుంబాల ముచ్చట్లు కూడా ఈ మాటకు దగ్గరగానే నడుస్తాయి. తాటిబుర్ర బండి గురించి మొదలుపెట్టిన తాత రెండో వాక్యానికే దాన్ని చేసిపెట్టిన మేనమామ దగ్గరికి వెళతాడు. బేరింగు బండి కథలో బేరింగు కన్నా ఎక్కువగా వినపడేది దాన్ని వెనక నుంచి తోసిన స్నేహితుడి పేరు. ఆ స్నేహితుడు తెలుగువాడు కాకపోవచ్చు, ఒడియావాడో బెంగాలీవాడో ఛత్తీస్‌గఢీయుడో అయ్యుండొచ్చు. బ్రిక్ గేమ్ గురించి చెప్పే కూతురు కూడా అక్కతో వంతుల కోసం జరిగిన కొట్లాటనే చెబుతుంది. వస్తువు మారింది, పక్కన కూర్చున్న మనిషి మాత్రం అన్ని కథల్లోనూ ఉన్నాడు.

వ్యాపారులు ఈ బెంగను ఎప్పుడో పసిగట్టారు. లెగో సంస్థ 2020 నుంచి కొన్ని పెట్టెల మీద 18+ అని ముద్రించి పెద్దవాళ్ళ కోసం అమ్ముతోంది. తొంభైల పిల్లలు ఇప్పుడు జీతాలు అందుకుంటూ, చిన్నప్పుడు అడిగి కొనిపించుకోలేకపోయినవి సొంత డబ్బుతో కొనుక్కుంటున్నారు.

జ్ఞాపకం దాచేసేవి

తలపోతలో తీపి ఎక్కువ, నిజం కొంత తక్కువ. గచ్చకాయలాడే వయసుకే చంకన తమ్ముణ్ణి ఎత్తుకు తిరిగిన ఆడపిల్లలు చాలామంది. మట్టి వంటసామాను అమ్మాయికి, ఎద్దు అబ్బాయికి అని పంచినప్పుడే రేపటి పనులూ పంచేశారు. బడికి పోకుండా పనికి పోయిన పిల్లలకు తీరికే లేదు, ఇక బొమ్మ ఎక్కడిది? పాత బొమ్మలన్నీ మంచివని కూడా చెప్పలేం. రేకు కార్ల అంచులకు చేతులు తెగేవి, చౌక రంగుల్లో సీసం ఉండేది.

కాబట్టి పోయిందేమిటో విడివిడిగా చూసుకోవాలి. పాత బొమ్మలు చాలావరకు ఇంకా దొరుకుతున్నాయి. తగ్గిపోయింది ఆడుకునే జాగా, సాయంత్రపు తీరిక, వయసు తేడా లేకుండా గుమికూడే పిల్లలు, చేతితో చేసుకునే నేర్పు. ఈ నాలుగూ పోయినందుకు పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఖాళీ స్థలాల్లో ఇళ్ళు కట్టిందీ, సాయంత్రాలను ట్యూషన్లకు రాసిచ్చిందీ పెద్దవాళ్ళే.

తిరిగి బరిలోకి

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022 అక్టోబరు 6న ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ మొదలుపెట్టింది. గిల్లీ డండా, పిట్టుల్, బాటీ, భౌంరా, గేడీ, బిల్లస్ సహా 14 ఆటలు. 18 ఏళ్ళ లోపువాళ్ళు, 18 నుంచి 40, ఆ పైవాళ్ళు అని మూడు వర్గాలు. 40 దాటినవాళ్ళకు ప్రత్యేకంగా చోటివ్వడం ఇందులో మెచ్చుకోదగ్గ ఆలోచన. చీర కొంగు నడుముకు బిగించి బిల్లస్ ఆడిన అమ్మలను పిల్లలు గట్టు మీద కూర్చుని చూశారు.

తెలుగునేల మీద ఏటికొప్పాక నిలదొక్కుకుంది. చెట్ల వేళ్ళు, గింజలు, ఆకుల నుంచి తీసిన సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చినందుకు సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. కొండపల్లి బొమ్మలకూ, నిర్మల్ బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కొండపల్లి బొమ్మకు కావలసిన తెల్లపొణికి కర్ర అరుదవుతుండడం అక్కడివాళ్ళ పెద్ద దిగులు.

2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవారి బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు పొందినవాటికీ దాన్నుంచి మినహాయింపు ఉంది. ముద్ర లేని చౌక ప్లాస్టిక్ బొమ్మ పసిబిడ్డ నోట్లోకి పోతుందని గుర్తుంచుకుని, కొనే ముందు పెట్టె తిప్పి చూడాలి.

ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఉంటే తాటిబుర్ర బండి ఎలా చేసేవారో, వామనగుంటల్లో ఎన్ని పిక్కలతో మొదలుపెట్టేవారో ఈ సెలవుల్లోనే అడిగి ఫోన్లో వీడియో తీసి పెట్టండి. ఆ ఫోన్లోని ఆటను వాళ్ళకు నేర్పే పని మనవడికి అప్పగించండి. కొండపల్లి, ఏటికొప్పాక వైపు వెళ్ళినవాళ్ళు బొమ్మను బేరమాడకుండా కొనండి. ఆ ఊళ్ళలో తరువాతి తరం ఈ పనిలో ఉంటుందో లేదో తేల్చేది అక్కడ సాగే అమ్మకాలే.