కూల్ (చైనీస్ వాడుక)

కూల్ అనునది ఆంగ్ల భాషలో నిత్య వ్యవహారమున ఉన్న ఒక చిన్న పదము. దీని మూలార్థము "కొద్దిగా చల్లనైన" అని. 20వ శతాబ్దములో దీనికి "మెచ్చదగిన", "సొగసైన" అనే స్లాంగు అర్థము స్థిరపడినది. ఈ రెండవ అర్థము మాత్రమే ఖు అనే రూపములో చైనీస్ భాషలోనికి ప్రవేశించినది. అయితే ఖు అనునది చైనీస్‌లో అప్పటికే "క్రూరము" అను అర్థము గల ప్రాచీన పదము. అందువలన చైనీస్ మాతృభాషగా గలవారికి ఈ ఆంగ్ల పదము వినుటకు పరిచితమే అయినా, అర్థము చేసుకొనుటలో చిక్కులు ఎదురవుతాయి.

ఆంగ్లములో అర్థములు

ఆంగ్లములో ఈ పదమునకు గల ముఖ్య అర్థములు ఇవి:

1. చల్లని: గాలి, నీరు, నీడ మొదలగువాటి గురించి చెప్పునది.
2. నిబ్బరమైన: కోపము, కంగారు లేకుండుట.
3. ముభావమైన: ఆదరణ లేకుండా ఎడముగా ఉండుట.
4. మెచ్చదగిన: మనిషి, దుస్తులు, సంగీతము, వస్తువులు మొదలగువాటిని పొగడునది.
5. సరే: ఎదుటివారి మాటకు సమ్మతి తెలుపునది.

మొదటి మూడు అర్థములు పాతవి. నాలుగవది అమెరికాలోని నల్లజాతివారి వాడుక నుండి, ముఖ్యముగా 1930లు, 1940లలోని జాజ్ సంగీతకారుల ద్వారా ప్రచారములోనికి వచ్చినది. శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ (1909–1959) దీనిని వ్యాప్తి చేసినవారిలో ఒకడని చెప్తారు. మైల్స్ డేవిస్ 1949–50లలో రికార్డు చేసిన పాటలు 1957లో "బర్త్ ఆఫ్ ది కూల్" అను పేరుతో ఆల్బముగా వెలువడినవి. ఉద్రేకపడక నిబ్బరముగా ఉండుటయే గొప్ప అను భావము నుండి ఈ మెచ్చుకోలు పుట్టినది.

చైనీస్‌లో చల్లదనము

చల్లదనమునకు చైనీస్‌లో సొంత పదములే ఉన్నాయి. చల్లనిది లియాంగ్, చలిగా ఉండునది లెంగ్, హాయిగొలుపు చల్లదనము లియాంగ్‌ఖ్వాయ్. ఆంగ్లమువలెనే చైనీస్ కూడా ఉష్ణోగ్రతను మనసుకు అన్వయించినది. లెంగ్‌జింగ్ అనగా నిబ్బరము. విడదీసి చూచిన "చలి, నిశ్శబ్దము" అను రెండు అక్షరములు కనిపిస్తాయి. లెంగ్‌దాన్ అనగా ముభావము. ఈ విధముగా ఆంగ్ల పదము యొక్క మొదటి మూడు అర్థములకు దేశీయ పదములు సిద్ధముగా ఉన్నందున వాటిని అరువు తెచ్చుకొనవలసిన అవసరము కలుగలేదు. నాలుగవ అర్థమునకు మాత్రమే ఆ అవసరము కలిగినది.

ఖు: పాత అర్థములు

ఖు అను అక్షరములో ఎడమవైపు మద్యపు జాడీని సూచించు భాగము, కుడివైపు ఉచ్చారణను సూచించు భాగము ఉంటాయి. షూ షెన్ క్రీ.శ. 100 ప్రాంతమున కూర్చిన "షువోవెన్ జియెజి" నిఘంటువు దీనికి ఘాటైన మద్యపు రుచి అని అర్థము చెప్పినది. "ఘాటు" నుండి "తీవ్రము", దాని నుండి "క్రూరము" అను అర్థములు ఏర్పడినవి. సిమా చియాన్ క్రీ.పూ. 1వ శతాబ్దమున రచించిన "షిజి" చరిత్ర గ్రంథములో కఠినులైన అధికారుల గురించి ఒక ప్రత్యేక అధ్యాయమున్నది. దాని పేరులో ఉన్నది ఈ ఖు పదమే. చిత్రహింసను నేటికీ ఖుషింగ్ అంటారు. ఖుషు అనగా మండు వేసవి. చల్లదనము తెలుపు ఆంగ్ల పదమునకు ప్రతిగా నిలిచిన అక్షరమే మండుటెండను కూడా సూచించుట విశేషము.

అక్షరము ఎంపిక

తెలుగు లిపి ధ్వనులను వ్రాయునది గనుక "కూల్" అని విన్నది విన్నట్లు వ్రాసుకొనవచ్చును. చైనీస్‌లో ప్రతి అక్షరమునకు ధ్వనితోబాటు అర్థము కూడా ఉంటుంది. పరభాషా పదమును ధ్వని ననుసరించి వ్రాయదలచినను, ఏదో ఒక అర్థము గల అక్షరమును ఎన్నుకొనక తప్పదు. మాండరిన్‌లో పదాంతమున "ల్" ధ్వని రాదు గనుక కూల్ అనునది ఖు అయినది. ఆ ధ్వని గల అక్షరములు అనేకము. స్వరము మారిన కొలది చేదు, ఏడ్పు, ఎండిపోవుట, లాగు, గిడ్డంగి వంటి అర్థములు వస్తాయి. వీటి నడుమ తీవ్రతను, కఠినత్వమును తెలుపు అక్షరము కొత్త అర్థమునకు దగ్గరగా తోచినది.

ఈ వాడుక మొదట తైవాన్‌లో వ్యాపించి, 1990లలో చైనా ప్రధాన భూభాగపు యువతలో ప్రచారము పొందినది. తరువాత నిఘంటువులలోనికి కూడా చేరినది. కాంటనీస్‌లో ఇదే అక్షరమును "హుక్" అని పలుకుతారు గనుక అక్కడ ధ్వని కలియదు. హాంగ్‌కాంగ్‌లో ఆంగ్ల పదమునే నేరుగా పలుకుట వాడుక.

అర్థములో వచ్చిన మార్పు

అరువు తెచ్చిన పదము పాత అక్షరము నీడలో కొంత మారినది. ఖు అనిపించుకొను వ్యక్తి చైనీస్ ఊహలో తరచుగా నవ్వని ముఖము, తక్కువ మాటలు, సొంత పంథా గలవాడు. కరుణలేని మనిషిని తెలుపు లెంగ్‌ఖు అను పాత పదము ఈ చిత్రమునకు తోడ్పడినది. బిగువుగా నటించుటను షువాఖు అంటారు. ఈ అక్షరము వ్యాపార నామములకు కూడా ఎక్కినది; 2006లో ప్రారంభమైన యోఖు వీడియో సైటు పేరులో ఇది ఉన్నది.

ఆంగ్లము నేర్చువారికి చిక్కులు

* వాతావరణము కూల్‌గా ఉన్నదన్నప్పుడు ఖు అని అనువదించుట తప్పు, లియాంగ్‌ఖ్వాయ్ అనవలెను.
* మెచ్చుకోలును మాటకు మాటగా లియాంగ్ అని అనువదించినను తప్పే. నేటి యువత భాషలో "లియాంగ్ లె" అనగా "పని అయిపోయింది, ఇక ఆశ లేదు" అని అర్థము.
* ఆంగ్లములో కలుపుగోలు మనిషిని కూడా కూల్ అంటారు. చైనీస్ విద్యార్థి ఆ మాట విని బిగువైన మనిషిని ఊహించుకొను అవకాశమున్నది.
* "ఐదు గంటలకు కలుద్దాం" అన్నదానికి "కూల్" అని బదులు వచ్చిన, అది పొగడ్త కాదు, సమ్మతి మాత్రమే. చైనీస్‌లో ఇట్టి చోట "హావ్" లేదా "షింగ్" అంటారు.
* ఒకరి పట్ల కూల్‌గా ఉండుట అనగా ముభావముగా ఉండుట. ఇక్కడ మెచ్చుకోలు లేదు.

ఇటువంటి ఇతర పదములు

అభిమానులను తెలుపు "ఫ్యాన్స్" అను ఆంగ్ల పదము చైనీస్‌లో ఫెన్‌సి అయినది. ఫెన్‌సి అనగా అసలు అర్థము పిండితో చేసిన సన్నని సేమ్యా. 2005 నాటి "సూపర్ గర్ల్" పాటల పోటీ కాలమున ఈ వాడుక దేశమంతటా వ్యాపించినది. ఆ పోటీలో గెలిచిన లి యూచున్ అభిమానులు ధ్వని సామ్యమును బట్టి తమను "యూమి", అనగా మొక్కజొన్నలు, అని పిలుచుకొన్నారు. ఖు విషయములో అర్థము కొంత కలిసినది. ఫెన్‌సి విషయములో ధ్వని తప్ప మరేమీ కలియలేదు. అయినను రెండు పదములూ నిలిచినవి. పరభాషా పదమును అరువు తెచ్చుకొను భాష దాని అర్థములన్నిటినీ తెచ్చుకొనదు, తనకు లోటైన దానినే తీసుకొని తన పాత పదముల రంగు దానికి పూయునని ఈ ఉదాహరణల వలన తెలియుచున్నది.