గరిటె చెక్కే చేతికి లెక్క కూడా రావాలి

ఉదయగిరి దుర్గం పాదాన ఉన్న వీధుల్లో నడిచేవారికి ఇళ్ళ లోపలి నుంచి ఆకురాయి కర్రమీద రాసుకునే సన్నని సవ్వడి వినిపిస్తుంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు మలిచే ఈ పనిలో అత్యధికులు స్త్రీలు. వారిలో ముస్లిం కుటుంబాల తల్లులూ కూతుళ్ళూ ఎందరో ఉన్నారు. భౌగోళిక గుర్తింపు సైతం పొందిన కళ ఇది. లేపాక్షి దుకాణాల్లో ఈ చెంచాను చేతిలోకి తీసుకున్నవారు దాని నునుపును మెచ్చుకోకుండా ఉండలేరు. అయితే వస్తువును చెక్కే చేయి ఒకటి, ధర కట్టే చేయి మరొకటి. కర్ర ఎంతకు వచ్చింది, డజను చెంచాలకు ఎన్ని గంటలు పట్టాయి, పట్నంలో అవి ఎంతకు అమ్ముడుపోయాయి అనే లెక్క చెక్కినవారి ఇంట్లో కాగితం మీదికి ఎక్కడం అరుదు.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తల్లి చెంచాలు చెక్కుతుంది. తండ్రికి చిన్నపాటి వ్యాపారం. కూతురు బీకాం పూర్తిచేసింది. ఐసెట్ వ్రాస్తానంటుంది, ఎంబీయే చదువుతానంటుంది. ఇంట్లో వెంటనే మూడు ప్రశ్నలు లేస్తాయి. ఫీజు ఎవరు కడతారు? ఎక్కడ ఉంటుంది? ఇంత చదివి ఏం చేస్తుంది? ఉదయగిరిలోనే కాదు, ఆత్మకూరులోనూ, ఈ మెట్ట ప్రాంతపు ఏ ఊరిలోనైనా ఇవే ప్రశ్నలు. చివరి ప్రశ్నకు మా సమాధానం ముందుగానే చెబుతున్నాము: తల్లి చేతి పనికి న్యాయమైన ధర రాబట్టడం కూడా ఒక ఉద్యోగమే. అందుకు కావలసిన విద్యే వాణిజ్య నిర్వహణ.

వాణిజ్యం మన స్త్రీలకు కొత్త కాదు

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (రజి) మక్కా నగరంలో పేరెన్నికగన్న వర్తకురాలు. ఆమె సరుకును తీసుకొని సిరియా దేశానికి వెళ్ళిన నమ్మకస్తుడైన యువకుడే తరువాత దైవప్రవక్తగా నియుక్తులైన ముహమ్మద్ (స). నిజాయితీపరుణ్ణి గుర్తించడం, బాధ్యత అప్పగించడం, తిరిగి వచ్చాక లెక్క చూసుకోవడం ఆ మహనీయురాలు ఎరిగిన విద్యలే. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా దీర్ఘమైన ఆయత్ ఏ విషయం గురించినదో మన పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. అది బఖరా సూరాలోని 282వ ఆయత్. గడువు పెట్టి చేసే అప్పు లావాదేవీలను వ్రాసిపెట్టుకోవాలన్న ఆదేశం అందులో ఉంది. లెక్కను కాగితం మీద పెట్టడానికి మన ధర్మం ఇచ్చిన స్థానం అది. అలాంటప్పుడు లెక్కల చదువు కొడుకులకే చాలుననడం ఏపాటి న్యాయం?

వృత్తి సంఘాలు చూపిన దారి

స్త్రీల ఉన్నత విద్యకు ప్రభుత్వమే చేయూతనివ్వాలని ప్రపంచంలో అందరూ ఎదురుచూస్తూ కూర్చోలేదు. ముందుగా చదువుకున్న స్త్రీలు సంఘాలుగా ఏర్పడి, తమ తరువాతి వారికోసం నిధులు సమకూర్చారు. 1919లో అమెరికాలోని బఫెలో నగరంలో ఆవిర్భవించిన జోంటా సంస్థ అటువంటిదే. వివిధ వృత్తుల్లో ఉన్నత బాధ్యతలు నిర్వహించే మహిళల సంఘమది. మన దేశంలోనూ దానికి క్లబ్బులున్నాయి. సిరక్యూస్ నగర క్లబ్బు సభ్యురాలైన జేన్ క్లాస్‌మన్ అనే ఆమె తన వీలునామాలో ఆ సంస్థకు కొంత సొమ్ము వదిలి వెళ్ళారు. ఆ సొమ్ముతో 1998లో వాణిజ్య విద్యార్థినులకు ఉపకార వేతనం ప్రారంభమైంది. ఒక స్త్రీ మిగిల్చిన ఆస్తి, ఆమె ఎన్నడూ చూడని దేశాల ఆడపిల్లలకు చదువుగా మారింది. వక్ఫ్ అనే మాట తెలిసిన మనకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఆచరణలోనే వెనుకబడ్డాము.

1881 నాటి చరిత్ర గల అమెరికా విశ్వవిద్యాలయ మహిళల సంఘం, తన దేశపు పౌరులు కాని స్త్రీలకు 1917 నుంచి ఉన్నత విద్యకు ఫెలోషిప్పులు ఇస్తూ వచ్చింది. చదువు ముగించి స్వదేశానికి తిరిగి వెళ్ళి అక్కడి స్త్రీలకు ఉపయోగపడాలన్న సంకల్పం ఉన్నవారికి అది ప్రాధాన్యమిచ్చింది. 2001లో ఏర్పడిన ఫోర్టే ఫౌండేషన్, పేరున్న వ్యాపార విద్యాలయాలతో కలిసి ఎంబీయే విద్యార్థినులకు ఫెలోషిప్పులు అందేలా చూస్తోంది.

వీటన్నింటిలో మనం గమనించవలసింది ఒకటుంది. ఇటువంటి సంఘాల ద్వారా వచ్చే సాయం ఫీజుతో ఆగిపోదు. ఆ వేతనం పొందిన విద్యార్థినికి అప్పటికే ఆ వృత్తిలో ఉన్న పెద్దల పరిచయం దొరుకుతుంది. సందేహం వస్తే అడగడానికి ఒక అక్క దొరుకుతుంది. తండ్రి, మేనమామ ఎవరూ ఆ రంగంలో లేని మన ఇళ్ళ ఆడపిల్లలకు డబ్బు కన్నా అరుదైనది ఆ పరిచయమే.

మన దగ్గర పరిస్థితి

విద్యాలయాలు మనకు అందనంత దూరంలో లేవు. 2008లో నెలకొన్న విక్రమసింహపురి విశ్వవిద్యాలయం నెల్లూరు సమీపంలోని కాకుటూరులో ఉంది. ఆడపిల్లల కోసమే 1983లో స్థాపించిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తిరుపతిలో ఉంది. ఈ రెండింటిలోనూ ఎంబీయే ఉంది. బయటి ఊరికి పంపడానికి జంకే తల్లిదండ్రులు మహిళా విశ్వవిద్యాలయం సంగతి ముందుగా ఆలోచించవచ్చు. విద్యాపరంగా, సామాజికంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007లో కల్పించిన బీసీ-ఇ కోటా కింద 4 శాతం సీట్లున్నాయి. డిగ్రీలో సాధారణ అభ్యర్థులకు 50 శాతం మార్కులు కావలసి ఉండగా, రిజర్వేషన్ వర్గాల వారికి 45 శాతం సరిపోతాయి.

అయితే ప్రభుత్వ సాయాన్నే నమ్ముకుని కూర్చోలేము. వృత్తి విద్యా కోర్సులు చదివే మైనారిటీ విద్యార్థుల కోసం 2007-08లో కేంద్రం ప్రారంభించిన మెరిట్-కమ్-మీన్స్ వేతనం ఎందరినో ఆదుకుంది. అందులో 30 శాతం ఆడపిల్లలకు కేటాయించారు. ఆ పథకానికి ఆమోదం 2021-22 వరకే లభించింది. మన రాష్ట్రంలోనూ 2020-21 విద్యాసంవత్సరం నుంచి ప్రైవేటు కళాశాలల్లో పీజీ చేసేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ నిలిపివేశారు. నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి కనుక, చేరే ముందు ఆ ఏటి నిబంధన ఏమిటో కళాశాలలోనూ, జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలోనూ స్వయంగా కనుక్కోవాలి.

మిగిలింది బ్యాంకు విద్యా రుణం. అది వడ్డీతో కూడినది. వడ్డీకి దూరంగా ఉండాలని కోరుకునే కుటుంబం అక్కడే ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం కూతురి చదువు దగ్గరే ఎక్కువగా జరుగుతుంది. కొడుకైతే పొలమో నగో అమ్మి చదివించే ఇల్లు, కూతురు అనేసరికి సంబంధాలు వెతకడం మొదలుపెడుతుంది. ఇది కఠినమైన మాటే. అయినా మన ఇళ్ళలో మనకు తెలిసిన మాటే.

దరఖాస్తుకు ముందు

ఉపకార వేతనాలు చేజారడానికి మార్కులే కారణం కానవసరం లేదు. కాగితాల దగ్గరే ఎన్నో దరఖాస్తులు నిలిచిపోతాయి. పదో తరగతి మెమోలో 'షేక్' ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా ఇంగ్లీషు అక్షరాల్లో పడి ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకొకచోట చివర. డిగ్రీ మొదటి సంవత్సరంలోనే వీటిని సరిచేయించుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, మార్కుల జాబితాలు, అమ్మాయి పేరుమీద బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉంచుకోవాలి. జోంటా వంటి సంఘాల వేతనానికి దరఖాస్తు స్థానిక క్లబ్బు ద్వారా వెళుతుంది. అది కోర్సులో ఇప్పటికే చదువుతున్నవారి కోసం ఉద్దేశించినది. కాబట్టి మొదటి సంవత్సరపు ఖర్చుకు వేరే మార్గం చూసుకోక తప్పదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది, తాను ఎందుకు చదవాలనుకుంటున్నదో విద్యార్థిని స్వయంగా వ్రాసే వ్యాసం. అక్కడ చాలామంది అరువు తెచ్చుకున్న పెద్ద మాటలు నింపుతారు. ఉదయగిరి అమ్మాయి తన తల్లి వారమంతా చెక్కిన చెంచాల లెక్క వ్రాస్తే చాలు. కర్ర ఖర్చు, కూలి, అమ్మకపు ధర, వాటి మధ్యనున్న అంతరం, దాన్ని తాను ఎలా తగ్గించదలచినదీ వ్రాస్తే, ఎంపిక చేసేవారికి ఆమె ఏ పనికి సిద్ధపడుతున్నదో తెలుస్తుంది.

మన వంతు

సాయం చేసే స్థితిలో ఉన్న మనవారు లేకపోలేదు. 2007లో ముంబయిలో మొదలైన అసోసియేషన్ ఆఫ్ ముస్లిం ప్రొఫెషనల్స్, విద్య, ఉపాధి రంగాల్లో ముస్లిం యువతకు మార్గదర్శనం చేస్తోంది. ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు 1983-84లో మొదలుపెట్టిన ఉపకార వేతన పథకంలో మరో చక్కని పద్ధతి కనిపిస్తుంది. విద్యార్థికి ఇచ్చే సొమ్ము ఖర్జె హసనా, అంటే వడ్డీలేని మంచి రుణం. ఉద్యోగం వచ్చాక అతడు తిరిగి చెల్లించే సొమ్ము బ్యాంకుకు పోకుండా, అతడి సమాజంలోని తరువాతి విద్యార్థుల కోసమే వినియోగమవుతుంది. ఒక్కసారి నాటిన చెట్టు ఏటేటా కాయడమంటే ఇదే.

ఇదే పద్ధతిని ఉదయగిరి, ఆత్మకూరు స్థాయిలో ఆచరించడం అసాధ్యమా? ఈ ఊళ్ళనుంచి వెళ్ళి నెల్లూరు, చెన్నై, బెంగుళూరు, గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న అకౌంటెంట్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు పది మంది కలిసి నెలకు వెయ్యి రూపాయల చొప్పున తీస్తే ఏడాదికి 1,20,000 రూపాయలవుతాయి. ఏటా ఒక అమ్మాయి హాస్టలు ఖర్చుకు అది పెద్ద ఊరట. జకాత్ సొమ్మును ఇందుకు ఏ మేరకు వినియోగించవచ్చునో ధర్మవేత్తలను అడిగి తెలుసుకోవాలి. సదఖాకు, ఖర్జె హసనాకు మాత్రం దారి తెరిచే ఉంది. డబ్బు ఇవ్వలేని చదువరులైన సోదరీమణులు నెలకొక ఆదివారం కూర్చుని దరఖాస్తు నింపడం నేర్పినా అదీ దానమే.

ముందుగా మన ఇంటి నుంచే మొదలుపెడదాము. ఈ మాసం డిగ్రీ చదువుతున్న కూతురిని దగ్గర కూర్చోబెట్టుకుని, ఆపై ఏం చదవాలనుకుంటున్నావమ్మా అని అడుగుదాము. ఆమె చెప్పేది చివరిదాకా విందాము. ఇంటి లెక్కల పుస్తకం ఆమె చేతికే ఇద్దాము. గరిటె చెక్కిన తల్లి పక్కన కూర్చుని కూతురు దాని ధర వ్రాసే రోజును చూసే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.