పుట్టుమచ్చలు రాసుకునే బడి పుండును చూడదా?

జూన్‌లో బడి తెరవగానే ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద ప్రవేశాల రిజిస్టరు తెరుచుకుంటుంది. బిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, ఆపైన ఒంటి మీది రెండు పుట్టుమచ్చలు. చేవెళ్లలోనైనా మొయినాబాద్‌లోనైనా తరతరాలుగా ఇదే వరుస. బిడ్డ కులాన్నీ మచ్చలనూ ఇంత శ్రద్ధగా నమోదు చేసుకునే ఆ పుస్తకం ఆ ఒంట్లో దాగిన జబ్బును మాత్రం అడగదు. టీకాలు పూర్తయ్యాయా, చెవి వినబడుతోందా, బోర్డు మీది అక్షరం ఆనుతోందా, మూర్ఛ వస్తుందా అన్న ప్రశ్నలకు అందులో గడి లేదు. ఇటీవలి ఆన్‌లైన్ నమూనాలలో ఎత్తు, బరువు చేరిన మాట నిజమే. వాటిని కొలిచి నింపవలసిందీ, ఆ అంకెలకు అర్థం చెప్పవలసిందీ ఏకోపాధ్యాయ పాఠశాలలోని ఆ ఒక్క పంతులే.

2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో బడికి ఏమేమి ఉండాలో రాశారు. తరగతి గదులు, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, గ్రంథాలయం. ఆరోగ్య గది లేదు, నర్సు లేదు. ఆ చట్టం కింద కేంద్రం 2010లో తయారుచేసిన నమూనా నియమాలలో ఏఎన్ఎం కనబడేది వయసు నిర్ధారణ దగ్గర. జనన ధ్రువపత్రం లేని బిడ్డకు ఆస్పత్రి రిజిస్టరునో, ఏఎన్ఎం రిజిస్టరునో ఆధారంగా తీసుకోవచ్చునన్నారు. ఆమె పుస్తకం బడికి పనికివచ్చింది. ఆమె పని బడికి గుర్తుకు రాలేదు.

అమెరికాలో చాలాచోట్ల టీకాల పత్రం చూపితేనే బడిలో చేర్చుకుంటారు. మన దగ్గరా అటువంటి షరతు పెట్టాలని కొందరు మిత్రులు వాదిస్తుంటారు. నేను అంగీకరించలేను. ఇటుక బట్టీల వెంట తిరిగే కుటుంబం టీకా కార్డును ఎక్కడ దాచుకుంటుంది? వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని పద్నాలుగో సెక్షన్ చెబుతోంది. ఆరోగ్యం పేరుతో మరొక గడియ బిగించడం దానికి విరుద్ధం. ఆరోగ్య నిబంధన ఉండవలసిందే, కాని అది బిడ్డ మీద కాదు, బడి మీద ఉండాలి. టీకా పడని బిడ్డ వస్తే ఆ టీకా వేయించే బాధ్యత బడిది కావాలి.

ఇది కులం గురించిన పుటలో రాయవలసిన విషయమా అని పాఠకులు అడగవచ్చు. చేవెళ్ల రోడ్డు మీద ఉదయం ఎనిమిది గంటలకు నిలబడితే జవాబు దొరుకుతుంది. ఊళ్లలో నాలుగు రాళ్లు వెనకేసుకున్న ప్రతి ఇంటి బిడ్డా పసుపుపచ్చ బస్సెక్కి నగరం వైపు వెళ్తాడు. ఆ బడుల ప్రకటనల్లో ఈతకొలను పక్కనే 'సిక్ రూము', అందులో తెల్ల దుస్తుల నర్సు ఉంటారు. ఆ ఖర్చు ఫీజులోనే కలిసి ఉంటుంది. ఊరి ప్రాథమిక పాఠశాలలో మిగిలేది ఎక్కువగా మాదిగ, మాల, లంబాడా, ముదిరాజ్, చాకలి ఇళ్ల పిల్లలూ, ఫామ్‌హౌసుల కావలివాళ్ల పిల్లలూ, వలస కూలీల పిల్లలూ. తల్లులు తెల్లవారకముందే టమాట, క్యారెట్, గులాబీ తోటలకు ఆటోలెక్కి వెళ్లిపోతారు. పదిన్నరకు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో తలుపు తీసేవారు ఉండరు.

మన భాషలో 'అంటు' అన్న మాట ఒక్కటే రెండు పనులు చేస్తుంది. అంటువ్యాధిలో రోగానిది, అంటరానితనంలో కులానిది. బడిలో ఈ రెండూ కలగలిసిపోవడం నాకు బాల్యం నుంచీ తెలుసు. మూడో తరగతిలో మోకాలు చీరుకుని నెత్తురు కారుతుంటే మా పంతులు టింక్చరు సీసా అరుగు మీద పెట్టి, తాను రెండడుగులు వెనక్కి జరిగి, "నువ్వే పూసుకోరా" అన్నారు. చెడ్డవారు కాదు, లెక్కలు బాగా చెప్పారు. అదే వారం కరణంగారి మనవడు పడితే తానే కూర్చుని తుడిచి కట్టుకట్టారు. పుండు మానింది, ఆ రెండడుగుల దూరం ఈనాటికీ నేను కొలుస్తూనే ఉన్నాను.

ఈరోజు అంత బాహాటంగా ఎవరూ జరగరు. ఇప్పుడది పరిశుభ్రత అన్న వేషంలో వస్తుంది. గజ్జి ఉన్న పిల్లను చివరి వరుసలో విడిగా కూర్చోబెడతారు, పేలున్న పిల్లను ఇంటికి పంపుతారు, 'ఆ వాడ పిల్లలు స్నానం చేయరు' అన్న మాట ఉపాధ్యాయుల గదిలో అలవోకగా దొర్లుతుంది. నిజానికి గజ్జి ఒక పురుగు వల్ల వచ్చేది. ఒకే రాత్రి ఇంటిల్లిపాదీ మెడ నుంచి పాదాల దాకా పెర్మెత్రిన్ పూసుకుని, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికితే పోతుంది. ఒక్క బిడ్డకు పూసి ఊరుకుంటే వారం తిరగకుండా మళ్లీ వస్తుంది. ఆ సంగతి తెలిసి, ఆ ఇంటి గడప తొక్కి చెప్పే మనిషి లేనిచోట జబ్బు కాస్తా ఆ కులం స్వభావమైపోతుంది.

న్యూయార్క్ నగరంలో 1902కు ముందు జరిగింది ఇదే. కంటిజబ్బులు, చర్మరోగాలు ఉన్న వలస కుటుంబాల పిల్లలను వైద్యులు తనిఖీచేసి బడి నుంచి పంపించేసేవారు. చికిత్స ఎవరి బాధ్యతా కాదు. హెన్రీ స్ట్రీట్ సేవాకేంద్రం నడిపిన లిలియన్ వాల్డ్, లీనా రోజర్స్ అనే నర్సును ఆ ఏడాది అక్టోబరులో నాలుగు బడులకు నెల రోజుల ప్రయోగంగా పంపారు. ఆమె బడిలో పుండ్లు కడిగింది, సాయంత్రం ఇళ్లకు వెళ్లి తల్లులకు చెప్పింది. వెళ్లగొట్టిన పిల్లలు తిరిగి వచ్చారు. నగరం మరింతమంది నర్సులను నియమించింది.

అంతకు అయిదేళ్ల ముందే, 1897లో, పుణే దగ్గర ప్లేగు శిబిరంలో మన ఉపాధ్యాయురాలు ఆ పని చేసింది. ముంఢ్వాకు చెందిన మహర్ బాలుణ్ణి వీపున మోసుకొచ్చిన సావిత్రిబాయి ఫూలే అదే ప్లేగు సోకి మార్చి 10న కన్నుమూశారు. ఆమె జయంతిని తెలంగాణ ప్రభుత్వం 2025 నుంచి మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతోంది. మంచిదే. జనవరి 3న పూలమాల వేసే బడుల్లో ఆమె చేసిన రెండో పనికి చోటెక్కడ? మనదేశంలో బడిపిల్లల వైద్యపరీక్ష 1909లో బరోడాలో మొదలైంది. అంబేడ్కర్‌ను విదేశీ చదువుకు పంపిన సంస్థానమూ అదే. 1961లో రేణుకా రే కమిటీ పాఠశాల ఆరోగ్యంపై నివేదిక ఇచ్చింది. మనకు లేనిది నివేదికలు కాదు.

ఇప్పుడు ఉన్నదేమిటి? 2010లో ఉమ్మడి రాష్ట్రం జవహర్ బాల ఆరోగ్య రక్ష ప్రారంభించింది. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్ఎం లేదా నర్సు, ఒక ఫార్మసిస్టు ఉన్న బండి బడికి ఏడాదికోసారి వస్తుంది. గుండెలో రంధ్రమో, గ్రహణపు మొర్రో పట్టుకోవడానికి అది విలువైనదే. కాని బిడ్డకు కడుపునొప్పి బండి వచ్చిన రోజునే రాదు. ఇక ఉపకేంద్రం ఏఎన్ఎం మైదాన ప్రాంతంలో అయిదు వేల జనాభాను చూడాలి. గర్భిణులు, టీకాలు, బీపీ, షుగరు, ఆన్‌లైన్ నమోదులు అన్నీ అయ్యాక బడి. నులిపురుగుల మాత్ర, వారానికొకసారి గులాబీ రంగు ఐరన్ మాత్ర పంతులు చేతికే వస్తాయి. వాంతి అయితే తల్లిదండ్రులు తన మీదికి వస్తారని ఆయనకు భయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. మరుసటి ఏడాది ఒకటో తరగతిలో కూర్చునేది వాళ్లే.

వాంతి ఎవరు ఎత్తుతారన్న ప్రశ్న కూడా ఉంది. 2024 ఆగస్టులో ప్రభుత్వం బడుల పారిశుద్ధ్యానికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల రూపాయల దాకా మంజూరు చేసింది. చిన్న ప్రాథమిక పాఠశాలకు అందేది ఆ మూడు వేలే. ఆ డబ్బుకు వచ్చే మనిషి ఏ వాడ నుంచి వస్తుందో చెప్పనక్కరలేదు. మరుగుదొడ్డి కడిగిన ఆ చేతికే బిడ్డ నెత్తురు తుడిచే పనీ అప్పగిస్తారు. నైపుణ్యం కావలసిన పనిని కులానికి వదిలేయడం మన పాత అలవాటు. తెలుగునాట మిషన్ ఆస్పత్రుల కాలంలో అగ్రవర్ణాలు నర్సు పనిని మైలగా చూసినందువల్లే క్రైస్తవం స్వీకరించిన దళిత కుటుంబాల స్త్రీలు ముందుగా ఆ వృత్తిలోకి వచ్చారు. దానికి చదువూ, గౌరవమూ తెచ్చింది వాళ్లే.

2023 ఆగస్టు 26న చేవెళ్ల సభలో కాంగ్రెస్ పార్టీ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది. పదో తరగతి పాసైతే పది వేలు, ఇంటర్ పాసైతే పదిహేను వేలు అంటూ ఆ బహుమతుల మెట్లు పదో తరగతి నుంచి మొదలయ్యాయి. ఆరేళ్ల బిడ్డ ఆ మెట్లకు చాలా కిందనే ఉండిపోయాడు. అదే నెలలో రెండో ఏఎన్ఎంలు తమ ఉద్యోగాలను క్రమబద్ధీకరించాలని సమ్మె చేశారు. ఆ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదివినవారు తక్కువ. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో స్టాఫ్ నర్సు ఉంటుంది, నిజమే. గురుకులంలో ప్రవేశం అయిదో తరగతి నుంచి. అంతకుముందు నాలుగేళ్లు బిడ్డ ఊరి బడిలోనే ఉంటాడు.

విచిత్రం ఏమిటంటే ఈ రెండు మండలాల్లో వైద్యవిద్యకు కొదవలేదు. మొయినాబాద్ మండలం యెన్కపల్లిలో భాస్కర్ వైద్య కళాశాల, చేవెళ్లలో పట్నం మహేందర్‌రెడ్డి వైద్య కళాశాల ఉన్నాయి. ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లె కుటుంబాలను దత్తత తీసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. నర్సింగ్ డిగ్రీ పాఠ్యప్రణాళికలో పాఠశాల ఆరోగ్యం ఒక భాగం. వారిని పంతులు పిలవలేడు, ప్రభుత్వం పిలవాలి.

అయితే విద్యార్థులు వచ్చి వెళ్లేవారే, వారు శాశ్వత నర్సుకు బదులు కారు. స్కూల్ కాంప్లెక్సుకు ఒకరు చొప్పున, ఒప్పందం మీద కాక పోస్టు మంజూరు చేసి, నర్సును నియమించాలి. ఆమె రోజుకొక బడికి వెళ్తుంది. మిగతా రోజుల్లో పిలిస్తే పలికేంత దూరంలో ఉంటుంది. ఆమెకు కావలసినవి ఒక గది, నీళ్ల కుళాయి, బరువు చూసే యంత్రం, కంటి పరీక్ష చార్టు, థర్మామీటరు, మందుల పెట్టె, ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడేందుకు సాయంత్రం గంట సమయం. ఈ రెండు మండలాల్లో ప్రయోగం మొదలుపెట్టడానికి చట్టసవరణ అక్కరలేదు. రంగారెడ్డి జిల్లా కలెక్టరు, విద్యాధికారి, వైద్యాధికారి ఒక బల్ల ముందు కూర్చుని ప్రతిపాదన పంపితే, ఆర్థికశాఖ పోస్టులకు ఒప్పుకుంటే, వచ్చే జూన్‌కే అది సాధ్యం.