వేళ్లకు తెలిసిన అంకె

మన ధర్మాచరణలో లెక్క అడుగడుగునా ఉంది. నమాజు రకాతులకు లెక్క, రమజాను ఉపవాసాలకు లెక్క, జకాతులో నలభయ్యో వంతుకు లెక్క, వారసత్వపు వాటాలకు లెక్క. సంవత్సరాల గణనను మానవులు తెలుసుకునేందుకే చంద్రునికి దశలు నిర్ణయించినట్లు దివ్య ఖురాన్ యూనుస్ సూరా తెలుపుతోంది. అయినా మన ఇళ్లలో ఎందరో పిల్లలు ఐదారేళ్ల వయసుకే లెక్కలంటే బెదిరిపోతున్నారు.

మక్తబులో మేము తరచూ గమనించే విషయం ఒకటుంది. నూరు వరకు గడగడా అప్పజెప్పే బిడ్డను ఏడు చింతపిక్కలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి పోస్తాడు. నోటికి వచ్చినది చేతికి రాలేదన్నమాట. అటువంటి బిడ్డకు మొద్దు అని పేరుపెడితే ఆ మాట అతని మనసులో నాటుకుపోతుంది. చదువు మీదనే విరక్తి పుడుతుంది. లోపం బిడ్డలో లేదు, మనం ఎంచుకున్న వరుసలో ఉంది. అంకె మొదట వేళ్లకు తెలియాలి, తరువాతనే పలక మీదికి రావాలి.

చేతితో నేర్పిన చరిత్ర

నెలకు ఇరవై తొమ్మిది రోజులు కూడా ఉండవచ్చునని బోధించినప్పుడు దైవప్రవక్త (స) పది వేళ్లను మూడుసార్లు చూపి, మూడోసారి బొటనవేలు ముడిచారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. చదవను, రాయను రాని జనానికి అంతకంటె స్పష్టమైన పాఠం ఏముంటుంది?

పూర్వకాలపు గణకులు ధూళి పరచిన పలకపై వేలితో అంకెలు రాసి చెరిపేవారు. హిజ్రీ 341 (క్రీ.శ. 952-53)లో దమస్కస్‌లో అబుల్ హసన్ అల్ ఉక్లీదిసీ భారతీయ గణితంపై గ్రంథం రాసి, ధూళిపలకకు బదులు సిరా, కాగితం వాడే పద్ధతిని వివరించారు. మన వీధిబడులలోనూ పిల్లలు ఇసుకలోనే అక్షరాలు దిద్దారు. 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి కూడా గరుకు కాగితపు అంకెలను పిల్లల వేళ్లకు అందించారు.

ఇంట్లోనే తయారీ

ఇందుకు ఖర్చు స్వల్పం. పాత పెళ్లి పత్రికల అట్టలు పది, వడ్రంగులు వాడే ఉప్పు కాగితం ఒకటి రెండు, మైదా ఉడికించిన జిగురు చాలు. అంకె బెత్తెడు ఎత్తు, దాని గీత చిటికెన వేలి మందం ఉండాలి. ఉప్పు కాగితం వెనుకవైపు గీసేటట్లయితే అంకెను అద్దంలో కనిపించినట్లు తిప్పి గీయాలి. లేకుంటే కత్తిరించాక కుడి ఎడమలు తారుమారైన రూపం వస్తుంది. ఉప్పు కాగితం దొరకకపోతే అట్టపై జిగురుతో అంకె రాసి, జల్లించిన ఇసుక చల్లి ఆరబెట్టండి.

రోజుకు రెండు మూడు అంకెలు మించవద్దు. బిడ్డ చూపుడువేలు, మధ్యవేలు కలిపి, రాసే దిశలోనే అంకెపై నడిపించండి. మొదట "ఇది మూడు" అని చెప్పండి. తరువాత "మూడు ఏది?" అని అడగండి. చివరకు చూపించి "ఇది ఎంత?" అనండి. తప్పితే గద్దించక, మరునాడు మళ్లీ మొదటి మెట్టు నుండి రండి.

ఆ పైన పది గిన్నెలు, నలభై అయిదు చింతపిక్కలు పెట్టండి. సున్నా నుండి తొమ్మిది వరకు అట్టలను గిన్నెల ముందుంచి, అన్నేసి పిక్కలు వేయించండి. చివర పిక్క మిగిలినా, చాలకపోయినా పొరపాటు జరిగిందని బిడ్డకే తెలుస్తుంది. సున్నా గిన్నె ఖాళీగా ఉంటుంది. అరబీలో సిఫ్ర్ అనే మాటకు అర్థమూ ఖాళీయే.

రెండు లిపుల చిక్కు

మన పిల్లలు బడిలో ఒక రకం అంకెలు, ముస్‌హఫ్‌లో ఆయత్‌ల వద్ద మరొక రకం చూస్తారు. అరబీ ఏడును తలకిందులు చేస్తే ఎనిమిది అవుతుంది. కంటికి రెండూ ఒకటే అనిపిస్తాయి. వేలికి అలా కాదు: ఏడులో కిందికి దిగి పైకెక్కుతుంది, ఎనిమిదిలో పైకెక్కి కిందికి దిగుతుంది. బడి అంకెలకు ఉప్పు కాగితం, అరబీ అంకెలకు ముతక గుడ్డ వాడితే చేయి తాకగానే తేడా తెలుస్తుంది. అరబీ కుడి నుండి ఎడమకు సాగినా, పన్నెండులోని ఒకటి రెండింటిలోనూ ఎడమవైపే ఉంటుందని కూడా చూపండి.

కొన్ని జాగ్రత్తలు అవసరం. మూడేళ్ల లోపు పిల్లలకు పిక్కలు అందనివ్వరాదు. గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. మిరపకాయలు ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే పాఠానికి కూర్చోవాలి.

పల్నాడు జిల్లా రాజుపాలెం పరిసర గ్రామాలలో మిరప, పత్తి పనులకు వెళ్లే తల్లులు చాలామంది మాకు చదువు రాదు, మేమేం నేర్పగలం అంటారు. అమ్మా, వారం కూలి ఎన్ని రోజులకు ఎంత రావాలో వేళ్ల మీద లెక్కగట్టే మీకు గణితం రాకపోవడమేమిటి? సాయంత్రం పొయ్యి దగ్గర పావుగంట చాలు. నానీ, దాదీ కూర్చున్నా సరే. బిడ్డ పట్ల ఓర్పు చూపడం కూడా పుణ్యకార్యమే. బడి మెట్టు ఎక్కకముందే అంకెతో స్నేహం కుదిరిన బిడ్డ, ఇన్‌షా అల్లాహ్, రేపు తన జకాతు లెక్కను తానే వేసుకోగలుగుతాడు. తన వాటా ఎంతో ఎవరి నోటా వినవలసిన అవసరం లేకుండా మీ కూతురూ తెలుసుకోగలుగుతుంది.