టర్బో కారుకు పైపు ఎంత లావుండాలి?

కాటేదాన్‌లో ఎంత లావు పైపు అడిగితే అంత లావు దొరుకుతుంది బిడ్డా. రేకు కోసే షాపులు, పైపు వంచే షాపులు, ఆర్గాన్ వెల్డింగు, లేత్ మిషన్లు అన్నీ ఆ పారిశ్రామికవాడ గల్లీల్లోనే ఉన్నాయి. ఆరాంఘర్ చౌరస్తా దాటి లోపలికి పోతే పని ఒక పూటలో అయిపోతుంది. అయితే అక్కడి మిస్త్రీ నిన్ను మొట్టమొదట అడిగే మాట ఒకటే: "ఎన్ని ఇంచులది వేయాలి?" దోస్తు మూడు ఇంచులన్నాడని నువ్వూ మూడు అనకు. కొలతను తేల్చేది ఆ పైపులోంచి పోయే పొగ. ఆ పొగ ఎంత వస్తోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంగా పోతోంది, ఈ మూడూ తెలిస్తే ఇంచుల సంగతి దానంతట అదే తేలుతుంది. కాగితం, పెన్సిల్ తెచ్చుకుని కూర్చో.

ముందు టర్బో సంగతి. పెట్రోలు మండి పని చేశాక సిలిండర్‌లోంచి బయటికొచ్చే పొగలో ఇంకా బోలెడు శక్తి మిగిలి ఉంటుంది. దాన్ని వృథాగా వదిలేయడమెందుకని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి 1905లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. పొగ దారిలో ఒక చిన్న చక్రం, అదే ఇరుసు రెండో కొసన ఇంకో చక్రం. పొగ మొదటి చక్రాన్ని తిప్పుతుంది. రెండోది బయటి గాలిని లాగి, అదిమి ఇంజిన్‌లోకి నెడుతుంది. మొదటిది టర్బైన్, రెండోది కంప్రెసర్. నీ కారులో ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది.

1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికా ఇంజనీరు ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను పైక్స్ పీక్ కొండ మీదికి, సుమారు 4,300 మీటర్ల ఎత్తుకు చేర్చి, గాలి పల్చబడిన చోట కూడా టర్బో ఇంజిన్ బలాన్ని నిలబెడుతుందని చూపించాడు. మనమూ కాస్త ఎత్తులోనే ఉన్నాం. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల పైన ఉంది. సముద్రతీరంలో గాలి పీడనం 101 కిలోపాస్కల్స్ అయితే ఇక్కడ 94 దగ్గర ఉంటుంది. మామూలు ఇంజిన్ ఆ మేరకు బలం కోల్పోతుంది. టర్బో ఇంజిన్ చాలావరకు ఆ లోటు పూడ్చుకుంటుంది. విమానాశ్రయం పక్కనే సఫ్రాన్ సంస్థ 2025 నవంబరులో లీప్ జెట్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం తెరిచింది కదా, అక్కడికి వచ్చే ఇంజిన్లలోనూ టర్బైన్‌లు కంప్రెసర్‌లను తిప్పుతాయి. వేడి వాయువు ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి వ్యాకోచిస్తూ చక్రాన్ని తిప్పడం అనే సూత్రం నీ చిన్న కారుకూ అంత పెద్ద విమానానికీ ఒకటే.

ఈ సూత్రంలోనే నీ ప్రశ్నకు సగం జవాబుంది. టర్బైన్ చేసే పని దాని ముందు పీడనాన్ని వెనక పీడనంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ముందు 180 కిలోపాస్కల్స్, వెనక 120 ఉన్నాయనుకో. నిష్పత్తి ఒకటిన్నర. ఇప్పుడు వెనక పైపును సులువు చేసి 120ని 110కి దించావు. అదే ఒకటిన్నర నిష్పత్తికి ముందు 165 చాలు. వెనక 10 తగ్గిస్తే ముందు 15 తగ్గింది! ఆ ముందు పీడనం పిస్టన్‌కు ఎదురు నిలిచే పీడనం. పొగను బయటికి నెట్టడానికి పిస్టన్ పడే శ్రమ తగ్గుతుంది, సిలిండర్‌లో పాత పొగ తక్కువ మిగులుతుంది, టర్బో తొందరగా అందుకుంటుంది. టర్బో బండిలో వెనక పైపుకు ఇంత విలువ ఉండటానికి కారణం ఇదే.

"మరి ఇంజిన్‌కు కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలంటారు కదా తాతా?" అని అడుగుతావు. ఆ మాట టర్బో లేని ఇంజిన్ల నుంచి పుట్టింది. వాటిలో ఒక్కో సిలిండర్ వదిలిన పొగ ఒక దెబ్బలా పైపులో పరుగెత్తుతుంది. దాని వెనక కాసేపు పీడనం తగ్గుతుంది. పైపు లావు, పొడవు సరిగ్గా కుదిరితే ఆ తగ్గుదల సిలిండర్‌లో మిగిలిన పొగను కూడా లాగేస్తుంది. పైపు మరీ లావైతే పొగ వేగం పడిపోయి ఆ లాగుడు బలహీనమవుతుంది, కింది గేర్లలో పికప్ తగ్గుతుంది. అది చూసినవాళ్లు ఎదురు పీడనమే మంచిదనుకున్నారు. నిజానికి వాళ్లు పోగొట్టుకున్నది పొగ వేగాన్ని. టర్బో బండిలో ఆ దెబ్బలు చాలావరకు టర్బైన్ దగ్గరే అరిగిపోతాయి. టర్బైన్ దాటాక ఎదురు పీడనం వల్ల ఇంజిన్‌కు ఒరిగేదేమీ లేదు.

ఇక లెక్క. 1 లీటరు, 3 సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజిన్ తీసుకుందాం, బలం 120 హార్స్ పవర్. ఇంత బలానికి నిమిషానికి సుమారు ఐదున్నర కిలోల గాలి కావాలి. పెట్రోలు బరువు కలిపితే బయటికొచ్చే పొగ సెకనుకు దగ్గర దగ్గర 100 గ్రాములు. బరువుగా చూస్తే ఇది ఎక్కువనిపించదు. కానీ లోపలికి పోయేటప్పుడు ఆ గాలి 30 డిగ్రీల్లో ఉండి సెకనుకు 85 లీటర్ల చోటు తీసుకుంటే, 600 డిగ్రీల పొగగా మారి బయటికొచ్చేటప్పుడు 260 లీటర్ల చోటు అడుగుతుంది. వేడి వల్ల మూడింతలైంది.

ఆ 260 లీటర్లను ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపుల్లోకి పంపి చూడు. 2 ఇంచుల పైపులో పొగ వేగం సెకనుకు సుమారు 145 మీటర్లు. రెండున్నర ఇంచుల్లో 90. మూడు ఇంచుల్లో 60. నాలుగు మీటర్ల తిన్నని పైపులో రాపిడి వల్ల పోయే పీడనం 2 ఇంచులకు సుమారు 8 కిలోపాస్కల్స్, రెండున్నరకు రెండున్నర, మూడుకు ఒకటి. ఈ మూడు అంకెలను జాగ్రత్తగా చూడు బిడ్డా, విషయమంతా వీటిలోనే ఉంది. అంత పొగే పోతున్నప్పుడు రాపిడి నష్టం పైపు వ్యాసం ఐదో ఘాతం చొప్పున తగ్గుతుంది. వ్యాసం రెట్టింపైతే నష్టం 32లో ఒక వంతుకు పడిపోతుంది. అందుకే మొదటి అరఇంచుతో ఐదున్నర కిలోపాస్కల్స్ మిగిలాయి. రెండో అరఇంచుతో మిగిలింది ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కోసం కారు కింద అరఇంచు ఖాళీ పోగొట్టుకుంటావు, స్పీడ్ బ్రేకర్ల దగ్గర పైపు రాసుకుంటుంది, బరువూ మోతా పెరుగుతాయి. కాబట్టి 120 నుంచి 150 హార్స్ పవర్ దాకా రెండున్నర ఇంచులు చాలు. మూడు ఇంచులు 200 దాటిన బళ్లకు పనికొస్తాయి. పొగ పోతూ పోతూ చల్లబడి ముడుచుకుంటుంది కూడా. తోక దగ్గర 400 డిగ్రీలకు దిగితే దానికి ముప్పావు వంతు చోటు చాలు, అంటే సైలెన్సర్ తర్వాత రెండుంబావు ఇంచుల పైపు వేసినా నష్టం లేదు.

టర్బో నుంచి దిగే డౌన్‌పైప్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పొగ అక్కడే అన్నిటికన్నా వేడిగా, సుడులు తిరుగుతూ ఉంటుంది. మొత్తం దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటును వెతికి పట్టుకో. శంషాబాద్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో పెళ్లి భోజనాలయ్యాక హాలు తలుపులు నాలుగు తెరిచినా, బయటి గేటు ఒక్కటే తీసి ఉంటే జనమంతా ఆ గేటు దగ్గరే ఆగుతారు. నీ పైపులో ఆ గేటు ఎక్కడైనా ఉండొచ్చు: లోపలికి పొడుచుకొచ్చిన గాస్కెట్, వెల్డింగు కారిన బొబ్బ, వంచినప్పుడు నొక్కుకుపోయిన మలుపు. పైపు నొక్కుకోకుండా వంచడానికి లోపల మాండ్రెల్ పెట్టే మిషన్ కావాలి. అది లేని చోట పొడి ఇసుక బిగించి నింపి వంచుతారు, ఆ పద్ధతీ మంచిదే. మలుపులో లోపలి కొలత తగ్గలేదని చూసుకో. పైపును బయటి కొలతతో అమ్ముతారు కాబట్టి గోడ మందం రెండుసార్లు తీసేసి లెక్క కట్టు.

పైపు ఎప్పుడూ ఒకే పొడవుండదని కూడా గుర్తు పెట్టుకో. మూడు మీటర్ల 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే 15 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. ఫ్లెక్స్ పైపు, రబ్బరు హ్యాంగర్లు ఆ సాగుడు కోసమే. వాటిని తీసి గట్టిగా వెల్డ్ చేస్తే పగుళ్లొస్తాయి. ఒక లీటరు పెట్రోలు కాలితే రమారమి లీటరు నీళ్లు పుడతాయి. చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో అవి సైలెన్సర్‌లోనే నిలిచి మామూలు ఇనుమును తినేస్తాయి. స్టెయిన్‌లెస్ వేయించమనేది అందుకే.

ఇప్పుడు సైలెన్సర్. లోపలి కట్టుబడిని బట్టి ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానిలో అరలుంటాయి. శబ్ద తరంగాలు అరల గోడలకు తగిలి వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. అయితే పొగ కూడా మెలికలు తిరగాలి, అందువల్ల ఎదురు పీడనం పెరుగుతుంది. రెండోదానిలో చిల్లుల గొట్టం తిన్నగా పోతుంది, చుట్టూ గ్లాస్ వూల్ ఉంటుంది. పొగకు దాదాపు అడ్డే లేదు. శబ్దం ఆ ఉన్నిలోకి దూరి వేడిగా మారిపోతుంది. టర్బైన్ ముందే కొంత మోతను మింగేస్తుంది కాబట్టి టర్బో బండికి ఈ తిన్నని రకం బాగా సరిపోతుంది. లోపలి గొట్టం పైపుకు సమానంగా ఉండాలి, బయటి పెట్టె వీలైనంత పెద్దదిగా ఉండాలి.

కానీ ఉన్నికి ఒక పరిమితి ఉంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద టాప్ గేరులో నీ ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకో. మూడు సిలిండర్లు రెండు చుట్లకు మూడుసార్లు మండుతాయి, అంటే సెకనుకు 50 సార్లు. 300 డిగ్రీల పొగలో ధ్వని సెకనుకు 480 మీటర్లు పోతుంది. 480ని 50తో భాగిస్తే ఆ తరంగం పొడవు 9.6 మీటర్లు. నాలుగు మీటర్ల కారు కింద రెండు అంగుళాల ఉన్ని అంత పొడుగు తరంగాన్ని పట్టలేదు. అది కారులోపల గుంయ్‌మని మోగి గంటసేపట్లో తలనొప్పి తెస్తుంది. దీనికి విరుగుడు మధ్యలో ఒక రెజొనేటర్ అర, వెనక పెద్ద సైలెన్సర్. అందుకే మధ్య డబ్బా పీకేసి పైపు వేయించుకోవద్దంటాను.

క్యాటలిటిక్ కన్వర్టర్‌ను అసలే ముట్టుకోవద్దు. దాని తేనెతుట్టె గోడల మీద పూసిన ప్లాటినం, పెల్లాడియం, రోడియం విషవాయువులను చాలావరకు మార్చేస్తాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలయ్యాయి. కాటేదాన్ గాలి, నీళ్లు ఫ్యాక్టరీల వల్ల ఇప్పటికే చాలా భరించాయి, అక్కడ పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల మీద నీ వంతు భారం కూడా వేయకు. చట్టమూ ఇదే చెబుతుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 120వది ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలంటుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే పది వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద వేటు ఉన్నాయి. ఎగ్జాస్ట్ మార్చే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకో.

ఇంకో సంగతి. ఇప్పటి కార్లలో బూస్టు, అంటే కంప్రెసర్ నెట్టే గాలి పీడనం, ఎంత ఉండాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. నువ్వు పైపు సులువు చేస్తే అది టర్బైన్‌కు తగలకుండా కొంత పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేట్ తలుపును ఇంకొంచెం తెరిచి బూస్టును పాత అంకెలోనే ఉంచుతుంది. పికప్ కొంచెం తేలికపడుతుంది గానీ, ఒక్క పైపుతో బలం అమాంతం పెరగదు.

కాబట్టి కోయించే ముందు కొలిపించు. టర్బో తర్వాత ఉన్న ఆక్సిజన్ సెన్సార్‌ను విప్పి, ఆ రంధ్రంలో రాగి గొట్టంతో ప్రెషర్ గేజ్ పెట్టి, బండి బలం కొలిచే డైనో మిషన్ మీద పూర్తి యాక్సిలరేటర్‌లో అంకె చూడమను. నా లెక్కలో 10 కిలోపాస్కల్స్ లోపు వస్తే కంపెనీ పైపే నీకు చాలు, ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టు. 20 దాటితే ఇరుకు ఎక్కడుందో వెతికి ఆ ఒక్క చోటు సరిచేయించు. ఆ అంకె రాసుకుని రా, దాన్ని బట్టి నీ బండికి సరిపోయే ఇంచులు ఇద్దరం కలిసి తేల్చి, మిస్త్రీకి కాగితం మీద గీసి ఇద్దాం.