జ్వరం తగ్గింది.. తుంటి పట్టేసింది!

2021 మేలో నాకు కోవిడ్ వచ్చింది. అప్పుడు నా వయసు 26. ఆక్సిజన్ పడిపోయి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నా. ఇంటికొచ్చాక స్టెరాయిడ్ మాత్రలు ఎప్పుడు ఆపాలో చీటీలో రాసి లేదు, నేనూ అడగలేదు. వేసుకుంటే హుషారుగా ఉండేది, బాగా ఆకలేసేది. ఇంకేం.. అదే చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకున్నా. అలా నెలన్నర!

నవంబరులో గజ్జలో నొప్పి మొదలైంది. బైక్ ఎక్కాలంటే కాలు తిరగదు. బాసింపట్టు వేసుకుని అన్నానికి కూర్చుంటే, లేవడానికి గోడ పట్టుకోవాలి. "కోవిడ్ నీరసంరా, అదే పోతుంది" అంది అమ్మ. ఎక్స్‌రే తీయిస్తే నార్మల్. ధైర్యం వచ్చి జిమ్‌కి కూడా వెళ్లా (ఆ తెలివికి ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటా). రెండు నెలల తర్వాత ఎమ్మారైలో అసలు సంగతి బయటపడింది. తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగానికి రక్తం అందక, ఎముక చచ్చిపోతోంది. పేరు ఎవాస్క్యులర్ నెక్రోసిస్. మొదట్లో ఇది ఎక్స్‌రేలో కనిపించదట.

"వైరస్ వచ్చింది ఊపిరితిత్తులకి కదా, తుంటికేంటి సార్?" అన్నా. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మన ఎముకల్లో పాతదాన్ని కొరికేసే కణాలు, కొత్తది కట్టే కణాలు రోజూ పనిచేస్తుంటాయి. వైరస్ మీద ఒళ్లు పోరాడేటప్పుడు పుట్టే వాపు రసాయనాలు కొరికేవాటిని రెచ్చగొడతాయి. స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడితే కట్టేవి మందగిస్తాయి. ఇలా ఎముక పలచబడితే ఆస్టియోపోరోసిస్. నాది పలచబడటం కాదు, చచ్చిపోవడం. జబ్బులు వేరైనా రెండిట్లోనూ స్టెరాయిడ్ పేరు వినిపిస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఎముక సాంద్రత తగ్గడం డాక్టర్లు ఎప్పట్నుంచో చూస్తున్నారు. అక్కడా వైరస్‌తో పాటు టెనొఫొవిర్ లాంటి కొన్ని మందుల పాత్ర ఉంది. అలాగని ఆ మందులు ఆపేస్తే ప్రాణానికే ముప్పు.

స్టెరాయిడ్‌ని విలన్ చేయడం నా ఉద్దేశం కాదు. ఆక్సిజన్ మీదున్న కోవిడ్ రోగుల ప్రాణాలు డెక్సామెథసోన్ కాపాడుతుందని 2020లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. అందులో ఇచ్చింది రోజుకి 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ 10 రోజులు. నేను వాడిందెంతో తలచుకుంటేనే భయమేస్తుంది. వారాల తరబడి వాడినవాళ్లు ఉన్నట్టుండి మానేయకూడదు కూడా, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాల్సిందే.

ఎడమ తుంటికి చిన్న ఆపరేషన్ అయింది. ఎముకకి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించారు. కుడివైపు ఇంకా కనిపెట్టుకుని ఉండాలన్నారు.

మొన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. చికున్‌గున్యా తగ్గినా కీళ్లనొప్పులు పోలేదట, ఏదో మాత్రతో హాయిగా ఉందట. అట్ట ఫొటో పంపమన్నా. ప్రెడ్నిసొలోన్.

"ఎన్ని రోజుల్నుంచి వేస్తున్నావురా?"

"లెక్క పెట్టలేదన్నా."

సాయంత్రానికల్లా వాణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లా. మెట్లు ఎక్కేటప్పుడు వాడే నాకు చెయ్యిచ్చాడు.