జిక్రీత్‌లో మా ఖాజాగూడ

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టలెక్కుతూ పెరిగాను. ఆ సరదా మా పాపకూ చూపిద్దామని చలికాలంలో ఓ శుక్రవారం దోహా నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని జిక్రీత్‌కు వెళ్లాం. రిచర్డ్ సెర్రా 2014లో ఉక్కు పలకలు నిలిపిన ఎడారి అది. చుట్టూ పుట్టగొడుగుల్లాంటి రాళ్లు. ఎక్కడ ఎక్కొచ్చో చెప్పేవాళ్లే లేరు.

ముందు నేనే ఎక్కబోయాను. పట్టుకున్న అంచు పెళ్లలా ఊడి చేతికొచ్చింది. మన గుట్టలు గట్టి గ్రానైట్, ఇది మెత్తటి సున్నపురాయి అని అప్పుడు తెలిసొచ్చింది.

ఇప్పుడు ప్రతి రాయినీ తట్టి చూస్తాం. బోలుగా మోగితే వదిలేస్తాం. వాన పడితే బాగా ఆరేదాకా ముట్టుకోం. పుట్టగొడుగు రాళ్ల జోలికి అసలే పోం, విరిగితే మళ్లీ రావు. నాలుగు వారాలు తిరిగితే, కింద మెత్తటి ఇసుక ఉన్న పొట్టి రాళ్లు మూడు దొరికాయి. పాపకు అవి చాలు.